తారు నేలకు పగుళ్లు, గుంతలు పడితే: ముందు నీళ్ల సంగతి, తర్వాతే పూడిక

ఇంటి గేటు నుంచి కారు షెడ్డు దాకా వేసిన చిన్న తారు దారి అయినా, వంద బండ్లు ఆగే పార్కింగ్ స్థలమైనా పాడయ్యే తీరు ఒక్కటే. ముందు నలుపు వెలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. తర్వాత సన్న గీతలు పడతాయి. ఆ గీతల్లోంచి వాన నీళ్లు దిగి అడుగున ఉన్న కంకర పొరను నానబెడతాయి. పైన బండి వెళ్లిన ప్రతిసారీ ఆ తడి కంకరలోని సన్నపొడి బురదనీళ్లతో కలిసి పగుళ్లలోంచి పైకి చిమ్ముతుంది. అలా కొద్దికొద్దిగా అడుగు డొల్లబడుతుంది. ఓ రోజు చక్రం కింద ఆ ముక్క కుంగి ఊడిపోతుంది. మనం గుంత అనేది దాన్నే.

అంటే గుంత కంటికి కనపడేసరికి కింద జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. బస్తా కోల్డ్ మిక్స్ (కాచకుండానే వాడుకునే తారు, కంకర మిశ్రమం) తెచ్చి గుంతలో పోసి, కారు ఎక్కించి చదును చేస్తే రెండు వానలకే లేచిపోవడానికి కారణం ఇదే. సరుకు మంచిదే అయినా నీళ్లు దిగే దారి అలాగే ఉంటే ఏ పూడికా నిలవదు. కాబట్టి కింద చెప్పే ప్రతి పనిలోనూ ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇక్కడికి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి, ఎటు పోవాలి?

తారు ఎందుకు పగులుతుంది

తారు నేలలో బరువు లెక్కన సుమారు 95 శాతం కంకర, ఇసుక, రాతిపొడే. వాటిని పట్టి ఉంచే బిటుమెన్ 5 శాతం దాకా ఉంటుంది. ఎండకూ గాలికీ ఆ బిటుమెన్ ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతూ పోతుంది. కొత్తలో ఉన్న సాగే గుణం తగ్గిపోతుంది. చలికి ముడుచుకున్నప్పుడు సాగలేక పగులుతుంది. మంచు పడే చోట్ల ఇంకో బాధ ఉంది. పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి, పగులును మరింత తెరుస్తుంది.

రెండో కారణం బరువు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర 1958 నుంచి 1960 దాకా లారీలను అదేపనిగా తిప్పి ఒక పెద్ద రోడ్డు పరీక్ష చేశారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందన్న లెక్క దానినుంచే వచ్చింది. బరువు రెండింతలైతే నష్టం రెండింతలతో ఆగదు, దాదాపు 16 రెట్లవుతుంది. కార్ల కోసం వేసిన పలుచని తారు మీదికి నిండు లారీ రోజూ వస్తుంటే, ఆ లారీ తిరిగే చోటే ముందు చెదురుతుంది. మరమ్మతుకు దిగే ముందు ఈ సంగతి తేల్చుకోవడం మంచిది. లారీ దారి మార్చగలిగితే సగం పని అయిపోయినట్టే.

మొదటి పని: వాన వెలిశాక చూడటం

పగుళ్లు చూడటానికి అన్నిటికన్నా మంచి సమయం వాన ఆగిన గంటా రెండు గంటల తర్వాత. నేలంతా ఆరిపోయినా పగుళ్ల వెంట తడి గీతలు మిగిలి ఉంటాయి. మామూలు ఎండలో కంటికి ఆనని సన్న చీలికలు కూడా నల్లటి గీతల్లా బయటపడతాయి. ఒక సుద్దముక్క తీసుకుని వాటిమీదే గుర్తులు పెట్టేయండి. ఎక్కడ నీళ్లు మడుగు కట్టాయో దాని చుట్టూ కూడా గీత గీయండి. పగుళ్ల అంచుల్లో బూడిదరంగు సన్నమట్టి పేరుకుని ఉంటే అడుగు పొర కొట్టుకుపోవడం మొదలైందని అర్థం.

తర్వాత ఇనుప కడ్డీతోనో సుత్తితోనో పగుళ్ల చుట్టూ తట్టి చూడండి. గట్టి నేల ఖంగుమంటుంది. డొల్లబడిన చోట మొద్దు శబ్దం వస్తుంది. చక్రం ఎక్కితే ముక్కలు కదులుతున్నాయేమో కూడా చూడండి. కదిలే చోట పైన ఏం పూసినా వృథా.

ఇలా చూశాక నష్టాన్ని విడదీసుకోవచ్చు. 3 మి.మీ. కన్నా సన్నటి గీతలను విడిగా పూడ్చనక్కర్లేదు, చివర్లో నేలంతటికీ వేసే సీల్‌కోట్ అనే పలుచని పూత వాటిని కప్పేస్తుంది. 3 నుంచి 12 మి.మీ. వరకు ఉన్నవాటికి పోసే రకం క్రాక్ ఫిల్లర్, అంటే పగుళ్లు నింపే తారు ద్రవం చాలు. 12 నుంచి 25 మి.మీ. దాకా ఉన్నవాటిలో ముందు అడుగును కాస్త నింపుకుని ఆపైన ఫిల్లర్ పోయాలి. అంతకన్నా వెడల్పు అయితే దాన్ని పగులు అనుకోవద్దు, పొడవాటి గుంత అనుకుని కోల్డ్ మిక్స్‌తో పూడ్చండి.

వీటన్నిటికీ వేరైనది మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా అల్లుకున్న పగుళ్లు. చూడటానికి చిన్న గీతలే కదా అని చాలామంది ఫిల్లర్ డబ్బాలు గుమ్మరిస్తారు. ఇక్కడ చెడింది పై తారు కాదు, కింది పునాది. ఆ భాగం మొత్తాన్ని కోసి తీసి, అడుగు నుంచి తిరిగి కట్టుకు రావాల్సిందే. దానికి గుంత పద్ధతే వర్తిస్తుంది.

పగుళ్లు పూడ్చే తీరు

ఎండుగా ఉండి, 10 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడి ఉండే రోజులు ఎంచుకోండి. ఆ తర్వాత కనీసం 24 గంటలు వాన రాకూడదు. పగులు చలికి వెడల్పవుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మండుటెండలో ముడుచుకుని ఉన్నప్పుడు నింపితే చలికాలంలో ఫిల్లర్ సాగి అంచు వదిలేస్తుంది. గడ్డకట్టే చలిలో నిండా పోస్తే ఎండాకాలం పైకి ఉబ్బి చక్రాలకు అంటుకుంటుంది. అందుకే వేడి, చలి మధ్యస్థంగా ఉండే రోజులు ఈ పనికి అనువు.

1. కలుపు పీకండి. పైన ఆకులు కోసేస్తే చాలదు, వేర్లతో సహా రావాలి. పగులులోకి దూరే సన్నటి కొక్కెంతోనో పాత స్క్రూడ్రైవర్‌తోనో లోపలి మట్టి, పాత ఫిల్లర్ గీకి తీయండి. కలుపు మందు కొట్టేట్లయితే కొన్ని రోజుల ముందే కొట్టి, మొక్క ఎండాక పీకండి.

2. అంచుల్లో వదులుగా ఉన్న రేణువులు రాలేదాకా వైర్ బ్రష్‌తో రుద్దండి. తర్వాత బ్లోయర్‌తోనో కంప్రెసర్ గాలితోనో దుమ్మంతా ఊదేయండి. ఈ పని దగ్గర తొందర వద్దు. ఫిల్లర్ అంటుకోవాల్సింది పగులు గోడలకు. గోడమీద పలుచని దుమ్ము పొర ఉన్నా అది దుమ్ముకే అంటుకుంటుంది. వారం తర్వాత వేలితో లాగితే పట్టీలా మొత్తం లేచి వస్తుంది, వెనకవైపు చూస్తే మట్టి అచ్చు స్పష్టంగా కనపడుతుంది.

3. నీళ్లతో కడిగితే పూర్తిగా ఆరనివ్వండి. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. మడిచిన కాగితం ముక్కను పగులులోకి దించి తీస్తే తెలిసిపోతుంది.

4. లోతైన పగులైతే అడుగును నింపండి. దీనికి బ్యాకర్ రాడ్ అనే ఫోమ్ తాడు దొరుకుతుంది. పగులు వెడల్పు కన్నా పావు వంతు లావుగా ఉన్నది తీసుకుని, పై అంచుకు రెండు సెంటీమీటర్ల కిందికి నొక్కండి. అది లేకపోతే పొడి ఇసుక పోసి కూరండి. ఇలా నింపకపోతే ఫిల్లర్ అడుగంటా కారిపోతుంది, డబ్బాలు ఖాళీ అవుతాయి తప్ప పగులు నిండదు. వేడి చేసి పోసే ఫిల్లర్ వాడితే ఆ వేడికి కరగని రకం తాడే వాడాలి.

5. ఫిల్లర్ పోయండి. డబ్బాను బాగా కుదిపి, సన్నటి ధారగా, ఎగువ నుంచి పల్లానికి కదులుతూ పోయాలి. ఒక్కసారే పొంగేలా పోయకుండా సగానికి పైన నింపి ఆగితే, అది కుంగాక రెండో విడత పోయవచ్చు. చివరికి నేలకు సమంగానో, వెంట్రుకవాసి కిందగానో ఉండాలి. రబ్బరు పట్టీతో పైన ఒకసారి లాగితే అంచులకు రెండువైపులా పలుచని పట్టు వస్తుంది. మందంగా వదిలిన కట్టలు చక్రాలకు చిక్కి ఊడిపోతాయి.

6. ఆరేదాకా బండ్లు రానివ్వకండి. నీళ్ల ఆధారంగా చేసిన చల్లటి ఫిల్లర్లకు ఒక రోజు ఇవ్వడం మేలు. అంటుకుంటుందేమోనని అనుమానముంటే పైన కాస్త పొడి ఇసుక చల్లండి.

చల్లటి ఫిల్లర్ ఎవరైనా ఇంట్లో వాడుకోవచ్చు. వేడిగా పోసే రబ్బరు కలిపిన రకం మాత్రం ఎక్కువ కాలం మన్నుతుంది, చలికీ ఎండకూ పగులుతోపాటు సాగుతుంది. పెద్ద పార్కింగ్ స్థలాలకు నేను సిఫారసు చేసేది అదే. కానీ దాన్ని సుమారు 190 డిగ్రీల దాకా కాచాలి. కాగిన తారులో నీటిచుక్క పడితే ఒక్కసారిగా నురగలా పొంగి చిమ్ముతుంది. చేతి తొడుగులు, పొడుగు చేతుల నూలు చొక్కా, మూసి ఉండే బూట్లు, కళ్లద్దాలు లేకుండా దాని దగ్గరికి వెళ్లవద్దు. చర్మం మీద పడితే వెంటనే చల్లటి నీళ్లు ధారగా పోయండి, అతుక్కున్న తారును పీకకండి, నేరుగా వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

గుంతలు పూడ్చే తీరు

తవ్వే ముందు అక్కడ నీళ్ల పైపులు, కరెంటు తీగలు వెళ్తున్నాయేమో కనుక్కోండి. పైపు కారడం వల్లే గుంత పడి ఉంటే ముందు పైపు బాగుచేయించాలి.

గుంత చుట్టూ చెడిన భాగమంతా కలిసేలా సుద్దతో నలుచదరంగా గీయండి. గీత చెడిన అంచు మీద ఉండకూడదు, గట్టి తారులోకి కనీసం 15 సెం.మీ. లోపలికి జరగాలి. వీలుంటే 30 సెం.మీ. ఇంకా మంచిది. తర్వాత కటింగ్ మిషన్‌తోనో, చిన్న గుంత అయితే ఉలి సుత్తితోనో ఆ గీత వెంట నిట్టనిలువుగా కోయండి. గుండ్రటి, ఏటవాలు అంచుల గుంతలో పోసిన మిక్స్ అంచుల దగ్గర పలుచగా ఉండి చక్రం తగలగానే పెచ్చులూడుతుంది. నిలువు గోడలుంటే పక్కలకు జరగడానికి చోటుండదు, దిమ్మిస దెబ్బకు గట్టిగా బిగుస్తుంది.

లోపలున్నదంతా గడ్డపారతో, పారతో ఎత్తేయండి. ఎంత లోతు తీయాలి? కాలి మడమతో గట్టిగా తొక్కితే అణగని నేల తగిలేదాకా. తడిసి బురదైన కంకర, నల్లటి మట్టి ఏదీ మిగలకూడదు. నీళ్లుంటే తోడి, ఆరనివ్వండి. తడి గుంతల్లో కూడా పనిచేసే కోల్డ్ మిక్స్ రకాలున్నాయి. వానాకాలంలో ప్రమాదం తప్పించడానికి అవి పనికొస్తాయి. ఎండలు వచ్చాక మాత్రం ఆ గుంతను మళ్లీ తెరిచి, అడుగు చూసి పని చేయించడం నా సలహా.

లోతు 10 సెం.మీ. దాటితే మొత్తాన్నీ మిక్స్‌తో నింపడం దండగ. రాతిపొడి కలిసిన పగలగొట్టిన కంకర వేయండి. గుండ్రటి గులకరాళ్లు వద్దు, అవి ఒకదాన్నొకటి పట్టుకోవు. కాస్త నీళ్లు చిలకరించి, 7 నుంచి 10 సెం.మీ. పొరలుగా వేస్తూ ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టండి. పైన తారు కోసం 5 నుంచి 7 సెం.మీ. వదలండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని, గోడలకు టాక్ కోట్ పూయడం. ఇది బిటుమెన్ ఎమల్షన్, అంటే నీళ్లలో కలిసేలా చేసిన బిటుమెన్. నిలువు గోడలకూ పై అంచులకూ బ్రష్‌తో పలుచగా రాయండి. రాసినప్పుడు కాఫీ రంగులో ఉంటుంది. కొంతసేపటికి నీరు విడిపోయి నల్లబడుతుంది, వేలు పెడితే జిగురుగా తగులుతుంది. ఆ నలుపు వచ్చాకే మిక్స్ పోయాలి. గుంత అడుగున మడుగు కట్టేంత పోయకండి, మిక్స్ దానిమీద జారుతుంది.

కోల్డ్ మిక్స్‌ను ఒకేసారి గుట్టగా పోయకుండా 5 సెం.మీ. చొప్పున పొరలు వేయండి. ప్రతి పొరనూ ముందు అంచుల వెంట, తర్వాత నడిమికి వస్తూ కొట్టాలి. దిమ్మిస పడిన చోట గుర్తు పడనంత వరకు, ముద్ద కదలనంత వరకు కొట్టడం ఆపవద్దు. చిన్న గుంతకు చేతి దిమ్మిస సరిపోతుంది. చదరపు మీటరు దాటితే ప్లేట్ కంపాక్టర్ (అదురుతూ నేలను అణచే యంత్రం) అద్దెకు తెచ్చుకోండి. కారు చక్రం ఎక్కించి అణచడం దిమ్మిసకు బదులు కాదు, చక్రం మధ్యలో నొక్కుతుంది కానీ మూలల్లోకి చేరదు. మూలలు వదులుగా ఉంటే నీళ్లు అక్కడినుంచే దిగుతాయి.

చివరి పొర కొట్టాక కూడా నేలకన్నా సుమారు ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉండాలి. రాకపోకలకు అది ఇంకా అణుగుతుంది. పైన ఇసుక చల్లండి. ఆఖరున పాత తారూ కొత్త పూడికా కలిసే నాలుగు అంచుల వెంట 5 సెం.మీ. వెడల్పున క్రాక్ ఫిల్లర్ పట్టీ లాగండి. పూడిక ముందుగా వదిలేది ఆ అతుకు దగ్గరే.

ఎంత మిక్స్ కావాలో ఇలా లెక్కేసుకోండి. పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. కొట్టి బిగించాక లీటరుకు సుమారు 2.2 కిలోలు. అంటే 60 × 40 × 5 సెం.మీ. గుంతకు 12 లీటర్లు, 26 కిలోల పైచిలుకు. ఒక పదో వంతు ఎక్కువ తెచ్చుకుంటే పని మధ్యలో ఆగదు.

కోల్డ్ మిక్స్ బాగా కొడితే అదే రోజు బండి నడవచ్చు. కానీ లోపలి ద్రావకం ఎగిరిపోయి పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా దానిమీద బండి నిలిపి స్టీరింగ్ తిప్పకండి, స్టాండు వేసిన మోటార్‌సైకిల్ పెట్టకండి. పెద్ద భాగాలు కోసి తీసినప్పుడు హాట్ మిక్స్, అంటే కాచి వేడిగా తెచ్చే తారు మిశ్రమం వేయించడమే సరైన పని. అది సుమారు 140, 150 డిగ్రీల వేడిలో రావాలి. పలుచగా పరిస్తే చాలా త్వరగా చల్లారుతుంది, 80 డిగ్రీలకు పడిపోయాక ఎంత రోలర్ తిప్పినా బిగుసుకోదు. అందుకే లారీ వచ్చేసరికి గుంత, టాక్ కోట్, రోలర్ అన్నీ సిద్ధంగా ఉండాలి.

సిమెంటు కాంక్రీటుతో తారు గుంత పూడ్చవద్దు. తారు సాగుతుంది, కాంక్రీటు సాగదు, రెండింటి మధ్య అతుకు ఏడాది తిరగకుండా తెరుచుకుంటుంది.

నూనె మరకలు, మడుగులు, అంచులు

పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిల్ బిటుమెన్‌ను కరిగిస్తాయి. రోజూ ఒకేచోట కారు ఆగే పార్కింగ్‌లో ఇదో పెద్ద సమస్య. తాజా మరక మీద పొడి మట్టి లేదా రంపపు పొట్టు చల్లి పీల్చనిచ్చి, డిటర్జెంట్‌తో రుద్ది కడగండి. వేలితో గీకితే కంకర ఊడి వస్తోందంటే ఆ ముక్క కోసి తీసేయాలి. జిగురు పోతుందని కిరోసిన్‌తో తారు నేలను తుడవడం ఎప్పుడూ చేయకండి.

మడుగు కట్టే చోట్లకు వాలు కావాలి. మీటరుకు 2 సెం.మీ. వాలు ఉంటే నీళ్లు నిలవవు. చిన్న పల్లాన్ని పైన పలుచని తారు మిశ్రమం పొరతో లేపవచ్చు కానీ పెద్దదైతే పక్కన కాలువ తీయడమో, ఆ భాగం తిరిగి వేయించడమో తప్పదు. పైకప్పు గొట్టం నీళ్లు నేరుగా తారు మీద పడుతుంటే దాన్ని పక్కకు మళ్లించండి. అంచుల వెంట పొడుగునా చీలుతుంటే, బయటివైపు మట్టి కొట్టుకుపోయి ఆసరా లేదన్నమాట. కంకర మట్టి పోసి తారుకు సమంగా దట్టించండి.

సీల్‌కోట్ ఎప్పుడు

పూడికలన్నీ గట్టిపడ్డాక, కోల్డ్ మిక్స్ అయితే కనీసం నెల తర్వాత, సీల్‌కోట్ వేయవచ్చు. కొత్తగా వేసిన తారుకైతే కనీసం 6 నెలలు ఆగాలి. ఇది ఎండనూ నీళ్లనూ అడ్డుకునే పూత మాత్రమే, దీనికి బలం ఉండదు. గుంతల్ని, కదిలే పగుళ్లను దీంతో దాచలేం. బిటుమెన్ ఎమల్షన్ రకాన్నే తీసుకోండి. కోల్ టార్‌తో (బొగ్గు నుంచి తీసే తారు) చేసిన వాటిలో క్యాన్సర్ కారకాలైన రసాయనాలు ఉంటాయి, అరిగిన పొడి ఇంట్లోకీ చెరువుల్లోకీ చేరుతుంది.

నేలను ఊడ్చి, కడిగి, ఆరనిచ్చాక స్క్వీజీతో (పొడుగు కర్రకు రబ్బరు పట్టీ ఉన్న పనిముట్టు) పలుచగా ఒక పూత లాగండి. ఆరాక, మొదటి పూతకు అడ్డంగా రెండోది. ఒకే మందపాటి పూత పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. రెండో పూత తర్వాత 24 గంటలు మనుషుల్ని, వీలైతే 48 గంటలు బండ్లను రానివ్వకండి. పూత ఏటా వేయడం కూడా మంచిది కాదు, పొరలు పేరుకుని అవే బీటలు వారతాయి. పై కంకర రేణువులు తేలి కనిపిస్తుంటే వేయండి, ఇంకా నల్లగా ఉంటే ఆగండి. పార్కింగ్ గీతలు పూత పూర్తిగా ఆరాకే గీయించండి.